సొరంగంలో ఆగిన చైనా ఇంజిన్

ముందుగా భయం గురించి

పిల్లల రైళ్లు, రంగులరాట్నాలు నడిపే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ‘పని కష్టమా అన్నా?’ అని. కష్టం కాదు. ఏసీలో, నీడపట్టున ఉంటాం. ఇదే కువైట్‌లో ఎండలో నిలబడి కాంక్రీటు పోసేవాళ్లని చూస్తే మన పనిని కష్టమనడానికి నోరు రాదు. కానీ ఈ పనిలో ఒళ్లు అలిసే ముందు గుండె అలుస్తుంది. ఆ సంగతి ఉద్యోగంలో చేర్చుకునేవాళ్లు చెప్పరు కాబట్టి నేను చెప్తున్నాను.

నా పేరు ఖాదర్. మాది రాయచోటి. ఊళ్లో బస్సులు బాగుచేసే షెడ్డులో పని నేర్చుకుని కువైట్ వచ్చాను. కొన్నేళ్లు సబ్హాన్‌లోని ఒక వర్క్‌షాపులో లారీ ఇంజిన్లు విప్పాను. తర్వాత పిల్లల ఆటల పార్కులో మెకానిక్‌గా చేరి, డ్రైవర్నీ అయ్యాను. ఈ మధ్యే పని మానేసి బ్నీద్ అల్ గార్‌లో మా తమ్ముడి గదిలో ఉంటున్నాను.

లారీ చెడిపోతే రోడ్డు పక్కన ఆగుతుంది, యజమాని తిడతాడు, అంతటితో సరి. పిల్లల బండి చెడిపోతే ఏమవుతుందో ఊహించుకోవాలి. అది కూడా రోజూ, బండి కదిలే ప్రతిసారీ. ఏ చెయ్యి కడ్డీ బయట ఉంది, ఏ అమ్మాయి దుపట్టా చక్రం వైపు వేలాడుతోంది, ఏ పిల్లాడు లేచి నిలబడేట్టున్నాడు. పిల్లలు మన మాట వినరు. వాళ్లు ఆడుకోవడానికి వచ్చారు, జాగ్రత్త పడడానికి కాదు. వాళ్ల వంతు భయం కూడా మనమే పడాలి. ఈ పనిలో నాకు భయం పోయిన రోజంటూ లేదు. పోయిందని చెప్పే డ్రైవర్ పక్కన నేను పిల్లల్ని కూర్చోబెట్టను.

సీనీ

అప్పట్లో కువైట్ పిల్లలందరూ టీవీలో ఒక రైళ్ల సీరియల్ చూసేవాళ్లు. అందులో చైనా నుంచి వచ్చిన ఆవిరి ఇంజిన్ ఒకటి ఉండేది. ఆకుపచ్చ ఒళ్లు, చుట్టూ ఇత్తడి పట్టీలు, ముందు వేలాడే ఎర్ర లాంతరు, పెద్ద పెద్ద కళ్లు. కొండల్లో ఎవరు చిక్కుకుపోయినా మిగతా ఇంజిన్లు వెనకాడేవి. ఇది మాత్రం పొగ కక్కుకుంటూ కనుమలోకి పోయి వాళ్లను లాక్కొచ్చేది. దానికి అసలు పేరు వేరే ఉంది గానీ, మా దగ్గరికి వచ్చే పిల్లలు ‘సీనీ’ అనేవాళ్లు. అరబ్బీలో చైనావాడు అని అర్థం.

మా పార్కు వాళ్లు ఆ పోలికతో ఒక బండి చేయించారు. నిజానికి అందులో ఆవిరీ లేదు, బొగ్గూ లేదు. డ్రైవర్ సీటు కింద బ్యాటరీల పెట్టె, దాని ముందు మోటారు, పొగగొట్టంలో నాటకాల వాళ్లు వాడే తెల్ల పొగ యంత్రం. అంతే. పట్టాలు హాలు చుట్టూ తిరిగి, కొంచెం ఎత్తెక్కి, ఫైబర్‌తో కట్టిన ఒక కొండలోకి పోతాయి. కొండలో సొరంగం. సొరంగం మధ్యలో ఒక మలుపు, మలుపు దాటాక ప్లాట్‌ఫారం దాకా పల్లం. సొరంగానికి పక్క తలుపు లేదు. దూరిన నోటి నుంచి అయినా, బయటపడే నోటి నుంచి అయినా రావలసిందే. బండిని మొదటిసారి చూసినప్పుడే నాకు అది నచ్చలేదు.

మా మేనేజర్ నబీల్ ఈజిప్టు మనిషి. ఆయన్ని చెడ్డవాడని రాస్తే అబద్ధం అవుతుంది. మా గదిలో ఏసీ పాడైతే తన సొంత ఫ్యాను తెచ్చిచ్చాడు. ఏడ్చే పిల్లలుంటే తానే వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని నవ్వించేవాడు. ఆయన బాధ ఒకటే, యజమాని అంటే వణుకు. పై నుంచి ఫోన్ వస్తే లేచి నిలబడి మాట్లాడేవాడు. పని నేర్చుకునేటప్పుడు బాస్ మంచివాడా కాదా అని కాదు, దేనికి భయపడతాడు అని చూడండి. నేను పిల్లల కోసం భయపడేవాణ్ణి, ఆయన ఫోన్‌కి భయపడేవాడు. ఒకే బండి మీద ఉన్నా మేమిద్దరం చూసే వైపులు వేరు.

వెనక పెట్టెలో పాప

ఒక మధ్యాహ్నం నేను ఫోన్లో ఇంటికి మాట్లాడుతుంటే వెనక నుంచి ఎవరో అన్నారు.

“అన్నా, నువ్వు తెలుగోడివా? మాటలు ఇని నిలబడినా.”

తిరిగి చూస్తే నల్ల అబాయా వేసుకున్న ఒక మనిషి, ఆమె చెయ్యి పట్టుకుని బుగ్గలు బొద్దుగా ఉన్న చిన్న పాప. ఆమె పేరు రమీజా, కడప. ఒక కువైటీ ఇంట్లో పని. పాప దానా, ఆ ఇంటి కూతురు.

“దినామూ ఈడికే రావాలంటాదన్నా. వచ్చినాక ఎక్కమంటే ఎక్కదు. ఆ కొండలోకి పొయ్యేది చూసి బయం.”

“ఎక్కకపోతే ఏం పోయింది? చూస్తా నిలబడుకోనీ,” అన్నాను.

అలా చాలా రోజులు దానా ప్లాట్‌ఫారం మీద కడ్డీ పట్టుకుని చూస్తూనే ఉంది. బండి సొరంగంలోకి పోయినప్పుడు ఊపిరి బిగబట్టేది, బయటికి వస్తే వదిలేది. ఒకరోజు నన్ను అరబ్బీలో అడిగింది, సీనీకి లోపల భయం వెయ్యదా అని. వెయ్యదు, సీనీ ధైర్యవంతుడు అన్నాను. అలా చెప్పమనే మాకు నేర్పారు. ఆ మాటతో పాప ఎక్కింది. రమీజాని పక్కన కూర్చోబెట్టుకుంది. ఎప్పుడూ చివరి పెట్టే. అక్కడి నుంచి వెనక్కి తిరిగితే, మలుపు దాకా దూరిన నోటి వెలుతురు కనిపిస్తుందట.

“ముందరికి చూడదన్నా, ఎనక్కే చూస్తాది,” అని రమీజా నవ్వేది. “నాకూ అట్లే బాగుండాది. చీకటంటే నాకు మాత్రం బయం లేదా ఏంది.”

ఎక్కువ పొగ

బండి పాతబడేకొద్దీ జనం తగ్గారు. నబీల్ ఒకరోజు నా పక్కన నిలబడి బండిని చూస్తూ, “టీవీలో సీనీ కనుమలోకి పోతుంటే పొగ ఎంత వస్తుంది? మనవాడు సిగరెట్ తాగుతున్నట్టు ఉంది,” అన్నాడు.

బయట నుంచి ఎవరినో పిలిపించి, ఇంజిన్ అడుగున ఇంకో పొగ యంత్రం పెట్టించాడు. నేను సెలవు మీద ఉన్నప్పుడు పెట్టి వెళ్లారు. వచ్చి అడుగు పలక విప్పి చూస్తే, పెద్ద యంత్రానికి పలచటి తీగ లాగారు. ఫ్యూజు మాత్రం పెద్దది వేశారు. తీగ మీద చెయ్యి పెడితే వేడి టీ గ్లాసు ముట్టుకున్నట్టు ఉంది.

ఆ సాయంత్రమే నబీల్ గదికి పోయాను.

“ఉస్తాద్, ఆ తీగ ఆ యంత్రాన్ని మొయ్యలేదు. ఏదైనా అయితే ఫ్యూజు పోదు, తీగే కాలుతుంది. దాని పక్కనే బ్యాటరీలు.”

“ఈద్ సెలవులు కానీ. బండి ఆపి మార్పిద్దాం.”

“బండి ఆపొద్దు. కొత్త పొగ యంత్రం ఒక్కటీ ఆపుదాం.”

“ఆ పొగ కోసమే వస్తున్నారు ఖాదర్. పైవాళ్లు అడిగితే నేనేం చెప్పను? కొంచెం ఓపిక పట్టు. యల్లా, జనం చూస్తున్నారు.”

ఆయన గదిలో కెమెరా ఉంది. నేను పొగ ఆపి నడిపితే వెంటనే ఫోన్ చేసేవాడు. మళ్లీ చెప్పాను, మళ్లీ అదే జవాబు. నేను చేయగలిగింది, మంటలార్పే సిలిండర్ ఒకటి ఇంజిన్‌లో నా కాళ్ల దగ్గర కట్టుకోవడం, ప్రతి చుట్టుకీ అడుగు పలక మీద అరచెయ్యి పెట్టి చూడడం. ఇలాంటి పరిస్థితి మీకు వస్తే తాళంచెవి బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకోండి అని సలహా ఇవ్వడం తేలిక. వీసా ఇచ్చిన కఫీల్ దయ మీద బతికేవాడికి ఆ తాళంచెవి ఎంత బరువో నాకు తెలుసు. అయినా అదే సలహా ఇస్తున్నాను.

ఆ సాయంత్రం

ఈద్ రెండో రోజు. హాలు కిక్కిరిసి ఉంది. పెట్టెలన్నీ నిండాయి. చివరి పెట్టెలో దానా, రమీజా. దానా కొత్త గౌను వేసుకుంది, కాళ్లకు మెరిసే బూట్లు. నాకు చెయ్యి ఊపింది.

సొరంగంలోకి దూరగానే ఎప్పటిలాగే పిల్లలు కేకలు పెట్టారు. మలుపు దగ్గరికి వస్తుండగా వాసన మారింది. నాటకాల పొగ తియ్యగా ఉంటుంది, సబ్బు కాగినట్టు. ఇది చేదు. కాలిన రబ్బరు. పొగ పైనున్న గొట్టం నుంచి కాదు, నా బూట్ల మధ్య నుంచి వస్తోంది. తెల్లగా లేదు.

నా వెనక పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. “సీనీ, సీనీ” అని అరుస్తున్నారు. సీరియల్‌లో కనుమ దాటే ఘట్టం అదేననుకున్నారు.

ఆపితే చీకట్లో, పొగలో, కడ్డీల కింద ఇరుక్కున్న పిల్లలతో నిలబడిపోతాం. ఆ కడ్డీలు బయట ఉన్న మీట లాగితే గానీ లేవవు. ఆపకపోతే కరెంటు పారుతూనే ఉంటుంది, తీగ కాలుతూనే ఉంటుంది, పక్కన బ్యాటరీలు. ఏది చేసినా తప్పే అనిపించింది. అప్పుడు పల్లం గుర్తుకొచ్చింది. మలుపు దాటేదాకా నడిపాను. దాటగానే మెయిన్ స్విచ్ లాగేసి, బ్రేకు వదిలేశాను. లైట్లు పోయాయి. మోటారు చప్పుడు పోయింది. చక్రాల చప్పుడు ఒక్కటే మిగిలింది. బండి తన బరువుతో దొర్లుతోంది.

పిల్లల కేకలు ఆగిపోయాయి. ఎవరో దగ్గారు. తర్వాత అందరూ దగ్గసాగారు. ‘పోవాలి, పోవాలి’ అని నేను బండితో మాట్లాడుతున్నాను. ఏ భాషలో మాట్లాడానో కూడా గుర్తు లేదు. పల్లం తక్కువైన చోట అది నెమ్మదించింది. ఇంజిన్ ముక్కు వెలుతురులోకి వచ్చింది, ముందు పెట్టెలు వచ్చాయి, ఇంక కదల్లేదు. వెనక పెట్టెలు లోపలే ఉండిపోయాయి.

ప్లాట్‌ఫారం మీద టికెట్లు చూసే ఫిలిప్పీన్ అమ్మాయి మెర్లిన్ నా ముఖం చూసే పరుగెత్తుకొచ్చింది. ఆమెకు ఏమీ చెప్పనక్కర లేకపోయింది. సిలిండర్ అందుకుని పలక కిందికి కొట్టడం మొదలుపెట్టింది. నేను ఒక్కో పెట్టె మీట లాగుకుంటూ, పిల్లల్ని దించి వెలుతురు వైపు తోసుకుంటూ వెనక్కి పోయాను. లోపలికి పోయేకొద్దీ కళ్లు తెరవలేకపోయాను. తడుముకుంటూ పోతున్నాను. చివరి పెట్టె ఎంతకీ చేతికి తగల్లేదు.

“రమీజా,” అని పిలిచాను. మళ్లీ పిలిచాను.

“ఈడుండామన్నా.” పక్కనే వినిపించింది. “పాప నా ఒళ్లోనే ఉండాది. కడ్డీ రావడంల్యా.”

మీట నా చేతికి దొరికి జారిపోయింది. రెండోసారి లాగితే వచ్చింది. రమీజా తన అబాయా కొంగులో పాప ముఖం మొత్తం చుట్టేసి పెట్టుకుంది. తన ముఖానికి ఏమీ లేదు. పాపని నాకు ఇమ్మంటే ఇవ్వలేదు. నేను ఆమె భుజం పట్టుకుని గోడ పక్కన నడిపించాను. వెలుతురులోకి వచ్చాక ఆమె అలాగే పరుగు తీసి, హాలు దాటి, గాజు తలుపులు దాటి, కార్లు నిలిపే చోట సాయంత్రపు ఎండలో కూలబడింది. పాప బూటు ఒకటి దారిలో ఎక్కడో పడిపోయింది.

మంట ఆరింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాసేపు దగ్గి, నీళ్లు తాగి, పిల్లలు ఐస్‌క్రీం కోసం పోయారు. నబీల్ మైకులో చెప్పాడు, పొగ యంత్రం కొంచెం ఎక్కువ పనిచేసిందని, అసౌకర్యానికి క్షమించమని. తర్వాత మెర్లిన్‌నీ నన్నూ గదిలోకి పిలిచాడు. ఆయన చొక్కా తడిసిపోయి ఉంది.

“మంట లేదు. పొగ మాత్రమే. ఎవరడిగినా అంతే. ఖలాస్. మన ముగ్గురి ఉద్యోగాలూ దీని మీదే ఉన్నాయి.”

మామా వచ్చింది

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం దానా వాళ్ల అమ్మ వచ్చింది. ఇక్కడ ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని ‘మామా’ అంటారు. వెనక రమీజా. రమీజా కళ్లు వాచి ఉన్నాయి. ఆ తల్లి పెద్దగా అరిచే మనిషి కాదు. ఆ నిదానమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

జరిగింది ఇది. దానా నిద్రలో ఉలిక్కిపడి లేస్తోంది. దీపం ఆర్పనివ్వడం లేదు. అడిగితే రమీజా నిప్పు సంగతి చెప్పింది. తల్లి పార్కుకు ఫోన్ చేస్తే నబీల్ నిప్పు ఏమీ లేదని, పనిమనిషి కంగారుపడి పాపని ఎత్తుకుని పరుగెత్తిందని, అందుకే పాప జడుసుకుందని చెప్పాడు. ఆ తల్లికి ఆయన మాటే నిజమనిపించింది. అబద్ధం చెప్పే మనిషి చేతిలో బిడ్డను పెట్టనని, రమీజాని ఏజెన్సీకి తిప్పి పంపేస్తానని అంది. చివరిసారిగా తేల్చుకుందామని వచ్చింది.

నబీల్ ఆమెకు కుర్చీ వేసి, టీ తెప్పించి, అదే కథ మళ్లీ చెప్పాడు. రమీజా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూసి తెలుగులో అంది.

“నువ్వన్నా చెప్పన్నా. నా మాట మామా నమ్మదు.”

ఆ తల్లి నా వైపు తిరిగింది. “ఈమె మీ ప్రాంతం మనిషే కదా. ఆమె కోసం నువ్వు చెప్పేది నేను ఎలా నమ్మాలి?”

నిజమే. నేను ఏం చెప్పినా ఊరిమనిషి కోసం చెప్పినట్టే ఉంటుంది. ఉద్యోగం గుర్తొచ్చింది, ఇంట్లో వాళ్లు గుర్తొచ్చారు. సొరంగంలో పడ్డ భయం పెద్దదే గానీ, అక్కడ చేతులకు చెయ్యడానికి ఏదో ఒక పని ఉంది. ఇక్కడ నోరు తెరవడం తప్ప వేరే పని లేదు. అది ఇంకా కష్టమైంది.

“నా మాట నమ్మొద్దు మేడం. వచ్చి చూడండి,” అన్నాను.

బండిని హాలు మూలకు తోసి టార్పాలిన్ కప్పి ఉంచారు. నేను ముందు నడిచాను. నబీల్ వెనకే వస్తూ మెల్లగా, “ఖాదర్, వదిలెయ్. ఖాదర్,” అంటున్నాడు. బెదిరింపు కాదు, బతిమాలుతున్నట్టే అన్నాడు. నేను టార్పాలిన్ కొస పట్టుకుని లాగాను. ఇంజిన్ అడుగున ఆకుపచ్చ రంగు పొక్కులు పొక్కి మసిబారి ఉంది. కాలిన వాసన ఇంకా పోలేదు. నేను కూర్చునే చోట పలక వంకరపోయింది.

ఆ తల్లి వంగి ఆ మసిని వేలితో ముట్టుకుంది. తర్వాత రమీజా దగ్గరికి వెళ్లి, మెల్లగా ఏదో అడిగింది. రమీజా తన అబాయా కొంగు చూపించి, పాప ముఖానికి ఎలా చుట్టిందో చేత్తో చూపించింది. ఆ తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. నబీల్‌ని దాటుకుని వెళ్లిపోయింది. వెళ్తూ నా ఫోన్ నంబరు రమీజా దగ్గర ఉంచమని చెప్పింది.

ఆ వారమే తనిఖీవాళ్లు వచ్చారు. కొండ మూతపడింది. పక్క తలుపు పెడితే గానీ తెరవకూడదన్నారు. నబీల్ ఉద్యోగం పోలేదు, నాదీ పోలేదు. నన్ను హాలు నుంచి తీసేసి సబ్హాన్ గోదాముకు పంపారు. శిక్ష అనుకునే పంపారు. నబీల్ చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఆయన్ని నేను తప్పుబట్టను, క్షమించానని కూడా చెప్పను.

గోదాములో

కొత్తవాళ్లకు నేను చెప్పే పని సలహా ఒకటుంది. ప్రమాదం తప్పిపోయాక ఆ యంత్రాన్ని మీ చేతులతో విప్పండి. ఏమీ కాలేదు కదా అని తుడిచి పక్కన పెట్టకండి. ఎంతలో తప్పిందో తెలియకపోతే, తర్వాతి బండికి ఎంత భయపడాలో తెలియదు.

సీనీని ముక్కలు చేసే పని నాకే పడింది. పొగగొట్టం విప్పాను, లాంతరు విప్పాను. తర్వాత సీటు కింద పెట్టె మూత తీశాను. తీగ కాలుకుంటూ వచ్చి పెట్టె గోడ దగ్గర ఆగింది. అక్కడి రబ్బరు పట్టీ కరిగి నేలకు అంటుకుపోయింది. గోడకు అవతల బ్యాటరీ పక్కభాగం గోధుమరంగుకు తిరిగి, ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది.

ఆ బ్యాటరీ పగిలి ఉంటే మెర్లిన్ దగ్గరున్న సిలిండర్ దాన్ని ఆర్పగలిగేది కాదు. ఇంజిన్ సరిగ్గా పిల్లలు బయటపడే దారిలో, సొరంగం నోటికి ఎదురుగా నిలబడి ఉంది.

స్పానర్ కింద పెట్టి బయటికి వచ్చాను. మధ్యాహ్నం ఎండ నెత్తి మాడుస్తోంది. గోదాము కాపలా ఉండే శ్రీలంక మనిషి ఏమైందని హిందీలో అడిగితే, ఒక ఫోన్ చేసుకోవాలన్నాను. గోడ వారగా కూర్చుని రమీజాకి ఫోన్ చేశాను.

“ఏందన్నా, ఈ యాళప్పుడు?”

“పాప ఏం చేస్తాంది?”

“నిద్రపోతాందన్నా. అన్నం తిని పండుకునింది.”

“ఒకసారి పోయి చూసిరామ్మా.”

ఎందుకని ఆమె అడగలేదు. చెప్పుల చప్పుడు దూరంగా పోయింది. ఎక్కడో తలుపు తెరుచుకుంది. నేను ఫోన్ చెవికి నొక్కి పెట్టుకుని ఉన్నాను. చాలాసేపటికి చెప్పుల చప్పుడు తిరిగి వచ్చింది.

“పండుకోనే ఉండాదన్నా,” అంది రమీజా. “నోరు తెరుచుకోని, బాగా ఊపిరి తీసుకుంటాంది. దగ్గర నిలబడి ఇన్న్యా.”

సరే అని ఫోన్ పెట్టేశాను. ఇంకాసేపు అక్కడే కూర్చుని, లేచి లోపలికి పోయి స్పానర్ తీసుకున్నాను.